త్రీ నాట్ త్రీ వెల ఎంత?

2020 రిపబ్లిక్ డే పరేడ్‌తో ఉత్తరప్రదేశ్ పోలీసులు .303 రైఫిల్‌కు సెలవిచ్చారు. దాని చోటు ఇన్సాస్, ఎస్‌ఎల్‌ఆర్ రైఫిళ్లు తీసుకున్నాయి. తెలుగునాట స్టేషన్ గుమ్మం దగ్గర సెంట్రీ భుజాన చాలాకాలం వేలాడిన ‘త్రీ నాట్ త్రీ’ కూడా ఇదే. మన పోలీసు లెక్కల్లో కాలం చెల్లిన ఈ సరుకునే సముద్రం దాటితే బల్ల మీద పెట్టి, భూతద్దం పట్టుకుని, ముద్ర ముద్రకీ ఆగి ఆగి బేరమాడతారు. పక్కపక్కనే పెట్టిన రెండు రైఫిళ్లు చూడ్డానికి కవలల్లా ఉంటాయి. ఒకదాని ధర రెండోదానికి అయిదారు రెట్లు పలుకుతుంది.

ఆ తేడాకు కారణం వయసు అనుకుంటే మొదటి అడుగే తప్పు. 1917లో తయారైన మామూలు పదాతి రైఫిల్ కంటే 1944లో తయారైన స్నైపర్ రైఫిల్‌కు ఎన్నో రెట్లు ఎక్కువ ధర వస్తుంది. అందంగా మెరవడమూ కారణం కాదు. మెరుపు చూస్తే అనుభవజ్ఞుడు ఒక అడుగు వెనక్కి వేస్తాడు. యుద్ధాల్లో పనిచేసి, సైన్యం వదిలించుకోగా బయటికొచ్చిన రైఫిల్ కొనడం మన దగ్గర పొలం కొనడం లాంటిది. మట్టి రంగు చూసి ఎవరూ అడ్వాన్సు ఇవ్వరు. లింకు దస్తావేజులు అడుగుతారు, ఒకదానికొకటి అతుకుతున్నాయో లేదో చూస్తారు. రైఫిల్‌కు ఆ దస్తావేజులు దాని ఒంటిమీదే ఉంటాయి. అవన్నీ ఒకే మాట చెబుతున్నాయా అన్నదాని మీదే వెల నిలబడుతుంది.

ముందు పేరు. ‘త్రీ నాట్ త్రీ’ అన్నది రైఫిల్ పేరు కాదు, గొట్టం కొలత. 0.303 అంగుళం, అంటే సుమారు 7.7 మిల్లీమీటర్లు. రైఫిల్ అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్. స్కాట్లాండ్‌లో పుట్టి ఉత్తర అమెరికాలో స్థిరపడ్డ జేమ్స్ పారిస్ లీ దీని బోల్ట్‌కూ మ్యాగజీన్‌కూ రూపమిచ్చాడు. గొట్టం లోపలి గాడులు లండన్ దగ్గరి ఎన్‌ఫీల్డ్ కర్మాగారంలో రూపొందాయి. ఆ రెండు పేర్లూ కలిసి 1895లో రైఫిల్‌కు ఎక్కాయి. 1907లో వచ్చిన మూడో మార్కు పొట్టి రైఫిల్ మొదటి ప్రపంచ యుద్ధాన్ని మోసింది. 1916లో పని తగ్గించడానికి దూరపు గురికి వాడే పక్క సైట్‌నూ, మ్యాగజీన్‌ను అడ్డుకునే రేకునూ తీసేశారు. ఆ మార్పుకు గుర్తుగా మార్కు అంకె పక్కన ఒక నక్షత్రం చేరింది. రెండో ప్రపంచ యుద్ధానికి నాలుగో నంబరు వచ్చింది. ఆ యుద్ధం చివరి దశలో, 1944లో, అడవి పోరు కోసం పొట్టి గొట్టపు అయిదో నంబరు పుట్టింది. అన్ని రకాలూ కలిపి కోటిన్నరకు పైగా తయారయ్యాయంటారు. అంటే ‘పాతదీ అరుదైనదీ’ అని ఎవరైనా అంటే, పాతదే గానీ అరుదైనది కాదని ముందే అనుకోవాలి.

పొట్టి రైఫిల్ జాతకం కుడివైపు, వెనక కర్ర ఇనుములో దూరేచోట ఉండే పట్టీ మీద రాసి ఉంటుంది. పైన కిరీటం, దాని కింద రాజు పేరు పొడి అక్షరాలు, తర్వాత కర్మాగారం, సంవత్సరం, ఆపైన మోడల్. ఇంగ్లండ్‌లోని ఎన్‌ఫీల్డ్, బీఎస్‌ఏ, ఎల్‌ఎస్‌ఏ, ఆస్ట్రేలియాలోని లిత్‌గో, మన హుగ్లీ ఒడ్డున ఉన్న ఇషాపూర్. ఈ పేర్లే అక్కడ కనిపిస్తాయి. ఇంగ్లండ్ రైఫిల్‌పై ‘జీఆర్’ అని ఉంటే ఇషాపూర్ రైఫిల్‌పై ‘జీఆర్ఐ’ అని ఉంటుంది. ఆ చివరి ‘ఐ’ చక్రవర్తి అని అర్థమిచ్చే లాటిన్ మాటకు పొడి అక్షరం. ఇంగ్లండ్‌లో రాజు, మన దగ్గర చక్రవర్తి. వలస పాలన హోదా తేడాను ఇనుము మీద కూడా కొట్టి చూపించింది. స్వాతంత్ర్యం తర్వాత అదే చోట కిరీటం పోయి అశోక సింహాలు వచ్చాయి. ఒకే కర్మాగారం, దాదాపు అదే రైఫిల్, మారింది ముద్ర మాత్రమే. ఈ దేశ చరిత్రను ఇంత క్లుప్తంగా చెప్పే వస్తువులు ఎక్కువ లేవు.

పేరు చదవడంలో పొరపాట్లు కొన్ని పదేపదే జరుగుతాయి. నాలుగో నంబరు రైఫిల్ మీద ‘యు.ఎస్. ప్రాపర్టీ’ అని కనబడగానే అది అమెరికా సైన్యం వాడినదని మురిసిపోతారు. నిజానికి అది మసాచుసెట్స్‌లో సావేజ్ కంపెనీ బ్రిటన్ కోసమే చేసింది. లెండ్-లీజ్ ఒప్పందం కింద పంపినందువల్ల కాగితం మీద అది అమెరికా సొత్తు, అంతే. రెండోది మన ఇషాపూర్ 2ఏ, 2ఏ1. 1962 చైనా యుద్ధం తర్వాత 7.62 మిల్లీమీటర్ల నాటో తూటాకు తగ్గట్టు వీటిని చేశారు. పాత .303కి కొత్త గొట్టం బిగించారని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. మెరుగైన ఉక్కుతో కొత్తగా చేసినవే. మ్యాగజీన్ కొత్తది, పన్నెండు తూటాలది. 2ఏ వెనక సైట్ మీద 2,000 మీటర్ల దాకా కొలత ఉంటే 2ఏ1లో దాన్ని 800కి కుదించారు. యుద్ధంలో ఎవరూ రెండు కిలోమీటర్ల దూరంలోని మనిషికి గురిపెట్టరన్న జ్ఞానం అప్పటికి వచ్చిందన్నమాట.

మూడోది .410 మస్కెట్. పోలీసులకూ జైలు కాపలావాళ్లకూ ఇవ్వడానికి బ్రిటిష్ ఇండియాలో పాత .303 రైఫిళ్ల గొట్టంలోని గాడులు తీసేసి నున్నగా చేశారు, మ్యాగజీన్‌లో చెక్కముక్క దూర్చారు. ఒక్కో తూటా పెట్టి పేల్చడమే. జనం మీదకు పంపే పోలీసు చేతికి సైన్యంతో సమానమైన ఆయుధం ఇవ్వకూడదన్న జాగ్రత్త ఆ చెక్కముక్కలో ఉంది. దాని తూటాను కూడా మెడ నొక్కని .303 గుల్లతో చేశారు. బజారులో దొరికే .410 తూటా దానికి సరిపోదు. ఇక నాలుగోది మన పల్లెల్లో వినబడే .315. లీ-ఎన్‌ఫీల్డ్ తరహా బోల్ట్‌తోనే, పౌరుల లైసెన్సుకు వీలైన బోర్‌లో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు చేసిన వేట రైఫిల్ ఇది. .303 మన చట్టంలో నిషిద్ధ బోర్ కాబట్టి ఈ దారి పట్టారు. తాతగారి ‘త్రీ నాట్ త్రీ’ అని ఇంట్లో చెప్పుకునేది లైసెన్సు పుస్తకం తెరిస్తే .315గా తేలవచ్చు.

అయిదో నంబరు ‘జంగిల్ కార్బైన్’ విషయం ఇంకా ముచ్చటైనది. దానికి గిరాకీ ఎక్కువ కాబట్టి అమెరికా వ్యాపారులు మామూలు రైఫిళ్లను, ఇషాపూర్ 2ఏ1లను కూడా, పొట్టిగా కోసి, గొట్టం చివర గరాటు తగిలించి అదే రూపంలో అమ్మారు. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. అసలుదానిలో బరువు తగ్గించడానికి గొట్టం మొదట్లోనూ, దాని వెనక ఇనుములోనూ లోహాన్ని గీకి తీసేసి ఉంటారు. బోల్ట్ పిడికి లోపల గుల్ల ఉంటుంది. కోసి చేసినదానిలో ఆ గీకుడు ఉండదు. బయటి వేషం తేలిగ్గానే వేయొచ్చు. కర్ర విప్పితేగానీ కనిపించని పని మాత్రం ఎవరూ చేయరు, గిట్టదు. ఈ రంగంలో సగం నకళ్లు దొరికిపోయేది ఇక్కడే.

ఎవరు చేశారో తెలిశాక ఎవరి చేతులు మారిందో చూడాలి. బ్రిటిష్ ప్రభుత్వ సొత్తుకు బాణం గుర్తు ఉంటుంది. ఆ బాణం కింద ‘ఐ’ ఉంటే భారత సైన్యం, ‘సి’ అక్షరం లోపల ఉంటే కెనడా, ‘యు’ లోపల ఉంటే దక్షిణాఫ్రికా. సైన్యం అమ్మేసినప్పుడు రెండో బాణాన్ని మొదటిదానికి ఎదురుగా, మొన మొనకు తగిలేలా కొడతారు. చెల్లుచీటీ అది. బ్రిటన్‌లో పౌరుల మార్కెట్లోకి రావాలంటే బర్మింగ్‌హామ్ లేదా లండన్ ప్రూఫ్ హౌస్‌లో ఎక్కువ ఒత్తిడితో పేల్చి పరీక్షించాలి. ఆ ముద్రలు గొట్టం మీద పడతాయి. అమెరికాకు పోయినవాటి మీద ‘ఇంగ్లండ్’ అనీ, తర్వాతి కాలంలో దిగుమతి చేసినవారి పేరూ ఊరూ అనీ ఇంకొన్ని. దిగుమతి ముద్ర ఉన్న రైఫిల్ వెల కొంత తగ్గుతుంది. అది లేని జర్మన్ లేదా జపాన్ రైఫిల్ సైనికుడు యుద్ధం నుంచి నేరుగా ఇంటికి తెచ్చుకున్నదై ఉండవచ్చు కాబట్టి.

ముద్రలకు ఇంత విలువ ఉన్నచోట దొంగముద్రలు పుట్టకుండా ఉంటాయా? పెషావర్ దగ్గర దర్రా ఆదమ్ ఖేల్‌లో, ఖైబర్ కనుమ పరిసరాల్లో తరతరాలుగా చేతిపనివాళ్లు బ్రిటిష్ రైఫిళ్లకు నకళ్లు చేస్తున్నారు. పనితనం కొన్నిసార్లు ఆశ్చర్యపరుస్తుంది. ఇంగ్లీషు రాని చేయి అక్షరం దగ్గర దొరికిపోతుంది. ‘ఎన్‌ఫీల్డ్’ అన్న పేరులో ‘ఎన్’ అక్షరం తిరగబడి ఉంటుంది, కిరీటం వంకరపోతుంది, అంకెలు వరస తప్పుతాయి. విక్టోరియా రాణి 1901లో చనిపోయింది. ఆమె పేరు అక్షరాలతో 1907 తర్వాతి మోడల్ రైఫిల్ కనబడితే ఇంకేమీ వెతకనక్కర్లేదు. అఫ్గానిస్థాన్‌లో పనిచేసిన అమెరికన్ సైనికులకు 1898లో గానీ, అంతకుముందు గానీ తయారైన తుపాకులను పురాతన వస్తువులుగా ఇంటికి తీసుకెళ్లే వీలుండేది. చట్టం ఒక తేదీ గీసిందని బజారుకు తెలియగానే ఆ తేదీకి ముందటి సంవత్సరాలు కొత్త ఇనుము మీద విరివిగా పడ్డాయి.

ఇక సేకరణకర్తల మధ్య అసలు తగవు. ఏది ‘అసలు’? ఒక వర్గం ప్రకారం కర్మాగారం గేటు దాటిన రోజున ఉన్నట్టే ఉండాలి. గొట్టం, బోల్ట్, ముక్కు, కర్ర, సైట్ రేకు అన్నింటి మీదా ఒకే నంబరు ఉండాలి. జర్మన్ మౌజర్ కే98కే విషయంలో ఈ నియమం చాలా కఠినం. దాని మీది ‘బీవైఎఫ్ 43’ అంటే ఓబర్న్‌డోర్ఫ్‌లోని మౌజర్ కర్మాగారం, 1943. చిన్న భాగాల మీద కూడా నంబరు, గద్ద ముద్ర వరసగా కలిస్తే వెల ఎక్కడికో పోతుంది. అదే రైఫిల్‌ను ఎర్రసైన్యం పట్టుకుని, విప్పి, కలిపి బిగించి, నల్లరంగులో ముంచి, బోల్ట్ మీద కొత్త నంబరు గీకి గోదాములో పెడితే ధర బాగా పడిపోతుంది.

రెండో వర్గం మాట ఇంకోలా ఉంటుంది. రైఫిల్ పని యుద్ధం. యుద్ధంలో వస్తువు విరుగుతుంది, బాగవుతుంది. ఆ బాగుచేత కూడా దాని చరిత్రే. ఫిన్లాండ్ ఇందుకు మంచి సాక్షి. రష్యా నుంచి మిగిలినవీ, పట్టుకున్నవీ అయిన మోసిన్-నాగాంట్‌లకు ఫిన్లాండ్ వాళ్లు కొత్త గొట్టాలు, కొత్త కర్రలు వేసి, చదరపు గడిలో ‘ఎస్‌ఏ’ అన్న తమ సైన్యం ముద్ర కొట్టారు. వాటికి మామూలు రష్యన్ రైఫిల్ కంటే ఎక్కువ ధర, ఎక్కువ గౌరవం. ఇషాపూర్ సంగతీ అంతే. ముందు కర్ర చీలిపోకుండా అడ్డంగా దిగ్గొట్టిన మర, గ్రనేడ్లు విసిరే రైఫిళ్ల గొట్టం చుట్టూ బిగించిన రాగితీగ చుట్లు. ఇంగ్లండ్ కొలబద్దతో చూస్తే ఇవి లోపాలు. మన ఎండకూ వానకూ, మన డిపోల్లోని అవసరానికీ పుట్టిన గుర్తులుగా చూస్తే అవి ఆ రైఫిల్ ఎక్కడ బతికిందో చెప్పే చిరునామా.

ఈ తగవులో రెండో వర్గం మాటకే బలముంది. సైన్యం చేసిన మార్పు, దాని ముద్రతో సహా, నిజాయితీగల మార్పు. అమ్మేవాడు ఇంట్లో కూర్చుని పాత నంబరు అరగదీసి బోల్ట్ మీద కొత్త నంబరు కొట్టడం మోసం. రెండింటినీ ‘అసలుది కాదు’ అన్న ఒకే గంపలో వేసే ధరల పట్టికలు కొనేవాడికి మేలు కంటే కీడే చేస్తాయి.

ఇంటి మరమ్మతు చేసే నష్టం ఇంకో రకం. రెండో యుద్ధం తర్వాత దశాబ్దాల్లో అమెరికా, కెనడాల్లో సైనిక రైఫిళ్లు కారుచవకగా దొరికాయి. వేటకాళ్లు వాటి ముందు కర్ర సగానికి కోసి, బాయొనెట్ కొక్కెం తీసేసి తేలిక చేసుకున్నారు. వాళ్లు చేసింది తప్పనలేం. వాళ్లకు కావలసింది చరిత్ర కాదు, జింక మాంసం. కానీ ఇవాళ అలా కోసిన రైఫిల్‌కు కోయనిదానిలో కొంత భాగమే వస్తుంది. మంచి ఉద్దేశంతో చేసే నష్టం కూడా తక్కువేం కాదు. పాత ఇత్తడి బిందెను చింతపండుతో తళతళ తోమినట్టు కర్రకు ఉప్పుకాగితం పట్టి, వార్నిష్ వేసి, ఇనుముకు నల్లరంగు పూయిస్తారు. ఆ ఉప్పుకాగితం కింద తనిఖీదారు ముద్రలు అరిగిపోతాయి. నూరేళ్ల గుడి స్తంభాలకు ఎనామెల్ పెయింట్ వేసి జీర్ణోద్ధరణ అనుకోవడం లాంటిదే ఇది.

కథల దగ్గరికి వస్తే అందరూ మెత్తబడతారు. ‘కథను కాదు, తుపాకీని కొను’ అన్నది ఈ వర్తకంలో బాగా నలిగిన హెచ్చరిక. అయినా కాగితం ఉన్న కథ వేరు. స్విట్జర్లాండ్ కే31 రైఫిల్ వెనక కర్ర చివరి ఇనుప పలక మరలు విప్పితే లోపల తరచూ చిన్న చీటీ దొరుకుతుంది. దాన్ని వాడిన సైనికుడి పేరు, అతని దళం ఉంటాయి. బ్రిటిష్ స్నైపర్ రైఫిల్, నాలుగో నంబరు ‘టి’, ఎక్కువ భాగం లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ అమర్చింది. కర్ర అడుగున ‘ఎస్51’ అన్న గుర్తు, ఎడమవైపు ‘టి’, దుర్భిణి బ్రాకెట్ మీద రైఫిల్ నంబరు కలవాలి. ఇవి కలిస్తే వేల డాలర్లు, కలవకపోతే దుర్భిణి బిగించిన మామూలు రైఫిల్. జపాన్ అరిసాకాలో ముద్ర లేకపోవడమే కథ. గొట్టం వెనక చక్రవర్తి ఆస్తి అన్నదానికి గుర్తుగా పదహారు రేకుల చామంతి ఉండేది. 1945 లొంగుబాటు వేళ ఎన్నో రైఫిళ్ల మీద దాన్ని అరగదీసి అప్పగించారు. పువ్వు చెక్కుచెదరనిదానికి ఎక్కువ ధర.

మన దగ్గర ఇలాంటి కథకు అల్లూరి సీతారామరాజు పేరు చాలు. 1922 ఆగస్టులో ఆయన దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద మూడు రోజుల్లో దాడిచేసి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు తీసుకెళ్లింది. తీసుకెళ్లినవాటి జాబితాను స్టేషన్ పుస్తకంలోనే రాసి మరీ వెళ్లారని చెబుతారు. ఆయుధ చరిత్రకారుడికి అంతకు మించిన దస్తావేజు ఉండదు. రేపెవరైనా ‘ఇది మన్యం పోరాటంలో వాడింది’ అని ఓ తుపాకీ చూపిస్తే అడగాల్సింది భక్తి కాదు, నంబరు. ఏ స్టేషన్ రికార్డులో ఆ నంబరు ఉందో చూపించలేకపోతే అది మంచి కథ అవుతుంది గానీ వెల కాదు.

పేల్చడానికి కొనేవాడికి లెక్క మారుతుంది. అమెరికా 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ దీనికి పాఠం. తొలి సంవత్సరాల్లో ఉక్కు కాగిన వేడిని పనివాళ్లు రంగు చూసి కంటితోనే అంచనా వేసేవారు. ఎండరోజున ఒకలా, మబ్బురోజున ఇంకోలా కనిపించే రంగు అది. ఎక్కువ కాగిన ఉక్కు పెళుసెక్కి కొన్ని రైఫిళ్లు చేతుల్లోనే పగిలాయి. స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారానివైతే 8 లక్షల లోపు, రాక్ ఐలాండ్‌వైతే 2,85,507 లోపు నంబర్లను పేల్చవద్దని హెచ్చరిస్తారు. గోడకు తగిలిస్తే వాటికి మంచి వెలే ఉంది. అలాగే బ్రిటిష్ రైఫిల్‌పై ‘డీపీ’ అని ఉంటే అది కవాతుకు మాత్రమే కేటాయించిన, పేల్చడానికి పనికిరాని సరుకు. దేనిలోనైనా తూటా పెట్టేముందు బోల్ట్‌కూ గొట్టానికీ మధ్య ఎడం గేజితో కొలవాలి. గొట్టం మూతి అరిగిందా, పాత తూటాల ప్రైమర్ వదిలే లవణాలు లోపల గుంటలు చేశాయా అన్నదీ చూడాలి. ఈ పని ఆర్మరర్‌ది, ఔత్సాహికుడిది కాదు.

ఈ లెక్కలన్నింటి పైనా చట్టం కూర్చుని ఉంటుంది. 2003లో నేపాల్ పాత ఆయుధాగారం ఖాళీచేసి అమెరికా వ్యాపారులకు అమ్మినప్పుడు మార్టినీ-హెన్రీలు, వాటిలాగే కనిపించే నేపాలీ గహేంద్ర రైఫిళ్లు వేలల్లో బయటపడ్డాయి. 1898 హద్దుకు ముందువి కావడంతో పురాతన వస్తువులుగా అవి తేలిగ్గా చేతులు మారాయి. యాభై ఏళ్లు దాటినవాటికి అమెరికాలో సేకరణకర్తల లైసెన్సు వేరే ఉంది. వంద డాలర్లలోపు దొరికిన రష్యన్ మోసిన్-నాగాంట్ దిగుమతులు ఎండిపోయాక అనేక వందలకు చేరింది. డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఉంటూ ఇషాపూర్ ముద్ర చూసి ముచ్చటపడే తెలుగువాళ్లు ఒకటి తెలుసుకోవాలి. హెచ్-1బి, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్నవారు అక్కడ తుపాకీ దగ్గర పెట్టుకోవడం సాధారణంగా నేరం. హంటింగ్ లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి.

మన దేశంలో .303కి బజారు ధర అన్న మాటే దాదాపు లేదు. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషికి రెండే ఆయుధాలు, అవీ నిషిద్ధ బోర్ కానివి. బాగుచేసినా పేలని, పురాతన విలువ ఉన్న ఆయుధానికి మాత్రం 1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువు వందేళ్లు దాటితే 1972 పురావస్తు చట్టం ప్రకారం దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు.

అటకమీద తాతల నాటి రైఫిల్ బయటపడితే నూనె గుడ్డ పట్టుకోవద్దు, బోల్ట్ లాగి చూడొద్దు. ముద్రలు కనబడేలా నాలుగు వైపులా ఫోటోలు తీసి, పాత లైసెన్సు పుస్తకం ఉంటే దాన్నీ పక్కన పెట్టుకోండి. ఆ రైఫిల్‌కు ఇప్పుడు లైసెన్సు లేకపోతే ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. ఆయుధ చట్టం 21వ సెక్షన్ చెప్పే దారి అదే.